చాక్లెట్ అయిపోయిందని కవరు చెప్పింది

సగంకప్పు

నిన్న రాత్రి జరిగింది. చిన్న సంగతే, కానీ పొద్దుటి నుంచి మనసులోంచి పోవడం లేదు.

ఆఫీసు పని ఇంటికి తెచ్చుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పక్కన ఒక డార్క్ చాక్లెట్ ఉంది. పని ముగిశాక తిందామని వారం రోజులుగా దాచుకున్నది. ఎప్పుడు విప్పానో తెలియదు. చెయ్యి దానంతట అది కవరు వైపు వెళ్లింది, వేళ్లకు రేకు తగిలింది, లోపల ఏమీ లేదు. అయిపోయిందన్న సంగతి నాలుక చెప్పలేదు, కవరు చెప్పింది. పది ముక్కలు తిన్నాను. ఒక్కదాని రుచీ గుర్తు లేదు.

ఆ తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాను. పొద్దున కాఫీ ఫోను చూస్తూ తాగాను. మధ్యాహ్నం భోజనం ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూనే ముగిసింది. పోయిన వారం స్నేహితులతో హోటల్‌కు వెళ్లాం. బిల్లు ఎవరు కట్టాలన్న వాదన మాటకు మాట గుర్తుంది, ప్లేటులో ఏముందో మాత్రం గుర్తు లేదు.

అడగాలనుకున్నది ఇదే. ఇలాంటి చిన్న చిన్న సుఖాలు మీకు దక్కుతున్నాయా? దక్కుతుంటే ఎలా? ఉపన్యాసాలు వద్దు, మీరు చేసేది చెబితే చాలు.

వానాకాలం

చాక్లెట్ తిన్నారు, పని పూర్తి చేశారు. ఇందులో బాధ ఏముందో నాకు అర్థం కాలేదు. ఆకలి రుచెరగదని పెద్దలు ఊరికే అనలేదు. ఈ మధ్య ప్రతి పనీ ధ్యానం అయి కూర్చుంది. నడిస్తే అడుగు గమనించాలి, తింటే మెతుకు గమనించాలి. హాయిగా పరధ్యానంగా తినడం కూడా ఒక సుఖమే కదా!

నారింజతొక్క

వానాకాలం గారూ, ఆ సామెత ఇక్కడ అతకదు. కడుపు కాలుతున్నవాడు ఏది పెట్టినా తింటాడని దాని అర్థం. సగంకప్పు గారికి ఆకలి లేదు. రుచి కోసమే తిన్నారు, ఆ రుచే దక్కలేదు. టికెట్ కొనుక్కుని సినిమా అంతా నిద్రపోయినట్టు.

సగంకప్పు గారూ, మీ నాలుక తప్పేమీ లేదు. మనం రుచి అని పిలిచేదానిలో నాలుక వాటా మనం అనుకునేంత పెద్దది కాదు. తీపి, పులుపు, ఉప్పు, చేదు, వీటికి తోడు ఉమామి, అంటే మాంసం సూపులోనూ పుట్టగొడుగుల్లోనూ తగిలే కమ్మదనం. ఈ ఐదోదాన్ని 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా గుర్తించారు. నాలుక చెప్పగలిగింది ఇంచుమించు అంతే. మిగతాదంతా ముక్కు పని. నములుతున్నప్పుడు నోట్లోని వాసన గొంతు వెనక దారిలో ముక్కులోకి ఎక్కుతుంది. దాన్ని మనం నాలుక ఖాతాలో వేస్తాం.

నమ్మకం లేకపోతే ముక్కు గట్టిగా మూసుకుని ఒక చాక్లెట్ ముక్క నోట్లో వేసుకోండి. తీపి, కాస్త చేదు, మెత్తదనం, అంతకు మించి ఏమీ తెలియదు. అది కరుగుతుండగా ముక్కు వదిలేయండి. ఏమవుతుందో నేను చెప్పను.

ఇంకొక మాట. చాక్లెట్‌ను నమలకండి. అందులోని కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నోటి వేడి అంతకంటే కాస్త ఎక్కువ. వేళ్ల మధ్య గట్టిగా ఉన్నది నాలుక మీద కరిగిపోవడానికి ఆ రెండు మూడు డిగ్రీల తేడానే కారణం. మీరు పళ్లతో తొందరపెడితే దాని పని అది చేయకముందే గొంతు దిగిపోతుంది.

చల్లారినకాఫీ

నా పేరులోనే నా కథ ఉంది. ఇద్దరు చిన్న పిల్లలు. కప్పు నిండా వేడి కాఫీ చివరిదాకా తాగి మూడేళ్లయింది. 'మీ కోసం మీరు కొంత సమయం కేటాయించుకోండి' అని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. కేటాయించడానికి అది నా చేతిలో ఉంటే కదా.

నేను చేసేది ఒక్కటే. మొదటి గుక్క నాది. కప్పులో పోయగానే పొయ్యి దగ్గరే నిలబడి, ముందు ఆవిరి పీల్చి, కళ్లు మూసుకుని ఒక గుక్క తాగుతాను. పది సెకన్లు పడుతుందేమో. ఆ పది సెకన్లలో ఎవరు ఏడ్చినా పలకను. ఆ తర్వాత కప్పు ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండదు. సాయంత్రం ఏ కిటికీ గట్టు మీదో దొరుకుతుంది, పైన మీగడ కట్టి.

నారింజతొక్క

చల్లారినకాఫీ గారూ, మీరు నష్టపోయింది మీరు అనుకున్నంత లేదు. ఒకే పదార్థం తింటూ పోతే దాని మీద ఇష్టం ముద్ద ముద్దకూ తగ్గుతుందని, అదే సమయంలో తినని పదార్థాల మీద ఇష్టం దాదాపు అలాగే ఉంటుందని బార్బరా రోల్స్ బృందం 1981లో చూపించింది. మొదటి గుక్కలకు ఉన్న విలువ చివరి గుక్కలకు ఉండదు. మీకు దక్కుతున్నది ఆ కప్పులో అన్నిటికంటే మంచి భాగం.

వానాకాలం

అలాగైతే పొట్ట పగిలేలా భోజనం చేశాక ఐస్‌క్రీమ్ వస్తే దానికి చోటెలా దొరుకుతుందో చెప్పండి.

నారింజతొక్క

ఇప్పుడు చెప్పింది అదే కదండీ. పొట్ట నిండకముందే తిన్న రుచులతో విసుగు పుట్టింది. ఐస్‌క్రీమ్ రుచితో మీ నాలుకకు ఇంకా విసుగు పుట్టలేదు.

మూడోగరిటె

పద్నాలుగేళ్లుగా రెస్టారెంట్ వంటగదిలో పనిచేస్తున్నాను. లోపలి వైపు నుంచి నాలుగు మాటలు.

కరకరలాడే పదార్థానికి ఆయుష్షు నిమిషాల్లోనే ఉంటుంది. నూనెలోంచి తీసిన క్షణం నుంచి లోపలి తేమ ఆవిరై పైపొరను మెత్తబరచడం మొదలుపెడుతుంది. అందుకే జల్లెడ లాంటి తీగల పళ్లెం మీద ఆరబెడతాం, అందుకే సర్వర్ దాన్ని దాదాపు పరుగున తీసుకువెళతాడు. మేం ఇంత హడావుడి పడి పంపితే టేబుల్ దగ్గర నలుగురు లేచి నిలబడి ఫోటోలు తీస్తుంటారు. వంటగది తలుపుకు ఉన్న గుండ్రటి అద్దంలోంచి నాకు కనిపిస్తుంటుంది. ఒకసారి ఒక టేబుల్ వాళ్లు వెలుతురు సరిగా లేదని ప్లేటును కిటికీ దాకా మోసుకెళ్లారు. తిరిగి తెచ్చుకుని తిన్నాక 'మెత్తగా ఉంది' అని వెనక్కి పంపారు. మళ్లీ వేయించి ఇచ్చాం. ఏమంటాం!

పార్సిల్ సంగతీ అంతే. డబ్బా మూత బిగిస్తే ఆవిరికి దారి ఉండదు, అది నీరై పదార్థం మీదే పడుతుంది. ఇంటికి తీసుకువెళ్లేవాళ్లు దారిలో మూత కాస్త తెరిచి ఉంచండి. కొంచెం చల్లారుతుంది, కానీ చల్లారినదాన్ని తినవచ్చు, నానినదాన్ని తినలేం.

ఇక నా సంగతి. రోజంతా ఆ వాసనల మధ్య ఉంటే ముక్కు మొద్దుబారుతుంది. పనిలో ఉండగా నాకు ఆకలి వేయదు. అర్ధరాత్రి పొయ్యిలు కడిగాక వెనక మెట్ల మీద కూర్చుని రెండు రొట్టె ముక్కలు కాల్చుకుని తింటాను. వెన్న కరిగిపోయేలా రాయను. రొట్టె కాస్త చల్లారాక మందంగా పెడతాను, కొరికినప్పుడు పంటి గుర్తు పడాలి. పైన నాలుగు ఉప్పు రవ్వలు. ముందు వెన్న చల్లదనం తగులుతుంది, తర్వాత రొట్టె వేడి, ఆ తర్వాత ఎక్కడో ఒకచోట ఉప్పు పలుకు పటుక్కుమంటుంది. రోజంతా ఎంతోమందికి వండిన చేతులతో నాకోసం నేను చేసుకునేది ఇదొక్కటే.

సగంకప్పు

మూడోగరిటె గారూ, ఇది చదివి లేచి వెళ్లి రొట్టె కాల్చుకున్నాను. వెన్న ముందే పెట్టేశాను, కరిగిపోయింది. రేపు మళ్లీ ప్రయత్నిస్తాను.

వానాకాలం

ఫోటోల సంగతి మాత్రం మూడోగరిటె గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. తినే ముందు ఫోనుకు నైవేద్యం పెట్టాలి అన్నట్టు తయారైంది లోకం. నా చేతిలో ఉంటే హోటల్ గుమ్మం దగ్గరే ఫోన్లు లాక్కుంటాను.

చల్లారినకాఫీ

ఇంతకుముందు 'హాయిగా పరధ్యానంగా తినడం ఒక సుఖమే' అన్నది తమరే కదా?

నారింజతొక్క

ఇక్కడ నేను చిక్కుల్లో పడతాను, ఎందుకంటే ఫోటోలు తీసేవాళ్ల వైపు కూడా ఆధారం ఉంది. 2016లో క్రిస్టిన్ డీల్ బృందం చేసిన ప్రయోగాల్లో ఫోటోలు తీసినవాళ్లు చాలా సందర్భాల్లో ఆ అనుభవాన్ని ఎక్కువగా ఆనందించినట్టు చెప్పారు. ఏది తీయాలా అని చూసే క్రమంలో ఎదురుగా ఉన్నదాన్ని గమనిస్తారు, అందుకని. ఫోటో తీయడమే అడ్డంకిగా మారితే ఆ లాభం ఉండదు. ప్లేటు పట్టుకుని కిటికీ దాకా నడిచినవాళ్లు ఏ కోవలోకి వస్తారో మీరే చెప్పండి.

నా మట్టుకు నేను ఒక ఫోటో తీసి ఫోను సంచిలో పడేస్తాను. చెడగొట్టేది ఫోటో తీయడం కాదు, తీశాక దాన్ని ఎవరికో పంపి, వాళ్లేమన్నారో చూస్తూ కూర్చోవడం.

నిర్వాహకులు

సభ్యులకు విన్నపం. కొందరు హోటళ్ల పేర్లు, ధరలు రాస్తున్నారు. ఆ వ్యాఖ్యలు తొలగించాం. దానికి వేరే విభాగం ఉంది. ఫోన్ల గొడవ కూడా ఇంతటితో ఆపితే సంతోషం.

ఒంటరికుర్చీ

నా వయసు అరవై ఏడు. మీరంతా నాకంటే చిన్నవాళ్లని అనుకుంటున్నాను. సగంకప్పు, నీ ప్రశ్న బాగుంది తమ్ముడూ. చెల్లెలివైతే ఏమీ అనుకోకు.

నా భార్య చాలా నిదానంగా తినేది. ముప్పై ఎనిమిదేళ్లు ఆవిడ ఎదురుగా ఖాళీ ప్లేటు పెట్టుకుని కూర్చున్నాను. నాకు తినడం ఒక పని, ముగిస్తే లేవాలి. ఆవిడ ఒక ముద్ద తిని, చెంచా కింద పెట్టి, ఏదో చెప్పి, మళ్లీ చెంచా తీసుకునేది. హోటల్‌కు వెళ్లినప్పుడు సర్వర్ నా ప్లేటు తీసేస్తూ ఆవిడ ప్లేటు వైపు చూసేవాడు, నాకు సిగ్గుగా ఉండేది. చాలాసార్లు విసుక్కున్నాను. ఒకసారి బిల్లు ముందే తెప్పించి కట్టేశాను, ఆవిడ తొందరపడుతుందని. పడలేదు.

ఆవిడ పోయి నాలుగేళ్లయింది. మొదట్లో హోటల్‌లో ఒక్కణ్నే కూర్చోవాలంటే బెరుకుగా ఉండేది. 'ఒక్కరేనా?' అని సర్వర్ అడిగితే తప్పు చేసినవాడిలా తల ఊపేవాణ్ని. మెనూ కార్డు మొహానికి అడ్డం పెట్టుకునేవాణ్ని. ఇప్పుడు అదంతా పోయింది. పోనిది ఒక్కటే. ఈనాటికీ నేను పది నిమిషాల్లో తినేస్తాను, ఆ తర్వాత మరో ఇరవై నిమిషాలు కుర్చీలోంచి లేవను. ఎదురుగా ఎవరో ఇంకా తింటున్నట్టే కూర్చుంటాను. నాకు హోటల్ కనిపించేది ఆ ఇరవై నిమిషాల్లోనే. పక్క టేబుల్ పిల్లవాడు నిమ్మరసంలో గొట్టం పెట్టి బుడగలు ఊదుతుంటాడు. కొత్తగా చేరిన సర్వర్ కుర్రాడు నాలుగు గ్లాసులు ఒకేసారి పట్టుకోవడం నేర్చుకుంటుంటాడు. పోయిన నెల మూడే పట్టేవాడు.

రెస్టారెంట్ అనే మాటకు మూలం తెలుసా మీకు? ఫ్రెంచి భాషలో తిరిగి శక్తినిచ్చేది అని. పద్దెనిమిదో శతాబ్దంలో ప్యారిస్‌లో నీరసించినవాళ్లకు అమ్మిన ఒక రకం సూపుకు ఆ పేరు ఉండేది, తర్వాత అమ్మే చోటుకు అంటుకుంది. నేను ఎప్పుడు వెళ్లినా ముందు సూపే తెప్పించుకుంటాను. వేడిగా ఉంటుంది కాబట్టి తొందరగా తాగలేను. నన్ను ఆపగలిగేది అదొక్కటే.

చల్లారినకాఫీ

పెద్దాయనా, మా ఆయన కూడా మీలాగే పది నిమిషాల మనిషి. మీరు రాసింది ఆయనకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కానీ రాత్రి భోజనం దగ్గర తన ప్లేటు తీసుకుని లేవలేదు.

నారింజతొక్క

ఒంటరికుర్చీ గారూ, మీ ఆవిడ చెంచా కింద పెట్టడం గురించి ఆలోచిస్తున్నాను. లీఫ్ నెల్సన్, టామ్ మేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో ఒక విచిత్రమైన సంగతి చూపించారు. మసాజ్ మధ్యలో కాసేపు ఆపి మళ్లీ మొదలుపెడితే, ఆపకుండా చేయించుకున్నవాళ్ల కంటే ఎక్కువ హాయిగా అనిపించిందట. ముందుగా అడిగితే మాత్రం జనం ఆపకుండా ఉండటమే మేలని అనుకుంటారు. ఆవిడకు ఇదంతా చదవకుండానే తెలుసు.

చాక్లెట్ మీద కూడా ఒకటుంది. 2013లో క్వాడ్‌బాక్, డన్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరికి వారం పాటు చాక్లెట్ మాన్పించారు, కొందరికి కావలసినంత ఇచ్చారు. వారం తర్వాత మళ్లీ ఒక ముక్క పెడితే మానేసి వచ్చినవాళ్లే ఎక్కువగా ఆనందించారు. సగంకప్పు గారు వారం ఆగారు, అంటే సగం పని సరిగ్గానే చేశారు. తినే రోజున పక్కన కంప్యూటర్ పెట్టుకున్నారు, అంతే తేడా.

వానాకాలం

సరే, నా సంగతి చెప్పేస్తాను, నవ్వకండి. ముక్కు మూసుకునే పరీక్ష ఒట్టి మాట అని నిరూపించడానికి నిన్న మా అమ్మాయిని పిలిచాను. కళ్లకు తుండుగుడ్డ కట్టుకున్నాను, ముక్కుకు బట్టల క్లిప్పు పెట్టుకున్నాను. ఏదో ఒకటి నోట్లో పెట్టమన్నాను. కరకరలాడింది, కొంచెం రసం ఊరింది. 'ఆపిల్' అన్నాను ధీమాగా. మా అమ్మాయి ఏమీ మాట్లాడకుండా క్లిప్పు తీసింది.

పచ్చి బంగాళాదుంప.

ఆ మట్టి వాసన ఒక్కసారిగా నోరంతా కమ్ముకుంది. ఉమ్మేశాను. మా అమ్మాయి అరగంట నవ్వింది, అది వీడియో తీసిందని తర్వాత తెలిసింది. ఫోన్ల విషయంలో నా అభిప్రాయం మారలేదు.

మూడోగరిటె

బంగాళాదుంప కదా, నయం. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు ఉల్లిపాయ పెడతాం.

నారింజతొక్క

చెవి సంగతి కూడా కలపండి. జాంపీని, స్పెన్స్ అనే ఇద్దరు 2004లో జనానికి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి బంగాళాదుంప చిప్స్ తినిపించారు. కొరికిన చప్పుడును హెడ్‌ఫోన్లలో పెంచితే అవి మరింత కరకరలాడుతున్నాయని, తాజాగా ఉన్నాయని చెప్పారు. దీనికి 2008లో ఇగ్ నోబెల్ కూడా వచ్చింది, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి అది. టీవీ మోగుతుంటే చిప్స్ పొట్లం ఎప్పుడు అయిపోయిందో తెలియనివాళ్లకు ఒక సాకు దొరికింది.

మౌనపాఠకురాలు

ఇక్కడ ఏడాదిగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మీరంతా ఆట కోసం ముక్కు మూసుకుంటున్నారు. నాకు ఏడు నెలలుగా వాసన తెలియదు. గట్టి జలుబు చేసి తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు.

ఎలా ఉంటుందో చెబుతాను. కాఫీ అంటే వేడి, చేదు. ఆపిల్ అంటే చప్పుడు, కొంచెం తీపి, తడి. చాక్లెట్ అంటే తియ్యటి మైనం. హోటల్‌కు వెళితే మెనూ చూసి ఏది మెత్తగా ఉంటుంది, ఏది కరకరలాడుతుంది, ఏది చల్లగా ఉంటుంది అని ఎంచుకుంటాను. ఐస్‌క్రీమ్ పరవాలేదు, చల్లదనం మిగిలింది కదా. పుదీనా కూడా, వాసన లేకపోయినా చలి తెలుస్తుంది. అందరూ 'బాగుందా?' అని అడుగుతారు. బాగుందనే చెబుతాను, వాళ్ల ముఖాలు చూసి.

అన్నిటికంటే లోటుగా అనిపించేది తిండి కూడా కాదు. వాన మొదలైనప్పటి మట్టి వాసన, ఉతికి ఎండలో ఆరేసిన దుప్పటి వాసన. అవి నాకు ఇష్టమని వాసన పోయాకే తెలిసింది.

వైద్యులు ఒక సాధన చెప్పారు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి. నాలుగు చిన్న సీసాలు, రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కటి కాసేపు, దాని అసలు వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ పీల్చాలి. జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం 2009లో పరీక్షించిన పద్ధతి అట. అక్కడ పన్నెండు వారాలు చేయించారట. నాది పదో వారం. నాలుగు సీసాల్లోనూ నాకు ఉన్నది గాలే.

ఒంటరికుర్చీ

అమ్మా, సాధన మానకు. ఎలా ఉందో రాస్తూ ఉండు, మేం చదువుతాం.

సగంకప్పు

మౌనపాఠకురాలు గారూ, మీ వ్యాఖ్య చదివాక కొత్త చాక్లెట్ తెచ్చుకున్నాను. కంప్యూటర్ కట్టేశాను. ఒక్క ముక్క, ముక్కు మూసుకుని. మీరన్నది నిజం, తియ్యటి మైనమే. అది సగం కరిగాక ముక్కు వదిలాను. చీకటి గదిలో ఎవరో కిటికీ తెరిచినట్టయింది. ముందు కాల్చిన గింజల వాసన, తర్వాత ఎండుద్రాక్ష లాంటిదేదో, చివర్లో పొగ. ఇవన్నీ మొన్న నేను తిన్న పది ముక్కల్లోనూ ఉన్నాయన్నమాట. తొమ్మిది ముక్కలు అలాగే ఉన్నాయి. ఇంకో ముక్క తినబుద్ధి కాలేదు.

వానాకాలం

తొమ్మిదీ దాచండి. ఏ పని మీదైనా చెయ్యి వాటి వైపు వెళితే ఇక్కడికి వచ్చి తిట్లు తినండి.

మౌనపాఠకురాలు

పన్నెండో రోజున మళ్లీ రాస్తున్నాను. పొద్దున నిమ్మ సీసా మూత తీశాను. అలవాటుగా పీల్చాను, అలవాటుగా మూత పెట్టబోయాను. ఏదో ఉంది. మళ్లీ పీల్చాను. నిమ్మ వాసన కాదు, కాలిన రబ్బరు వాసన. ఘోరంగా ఉంది. వైద్యులకు ఫోను చేస్తే కోలుకునేటప్పుడు కొందరికి ఇలా వాసనలు తారుమారుగా తెలుస్తాయని చెప్పారు.

సీసా పట్టుకుని వంటగదిలో నేల మీద కూర్చుండిపోయాను. మా అమ్మ కంగారుపడి ఏమైందని వచ్చింది. కంపు కొడుతోందని చెప్పాను, నవ్వుతూ. ఆవిడ సీసా లాక్కుని వాసన చూసి, 'నిమ్మకాయే కదే' అంది.

ఈ పూట ఇప్పటికి పదిహేనుసార్లు పీల్చి ఉంటాను.

మూడోగరిటె

వంటగదిలో అందరికీ చదివి వినిపించాను. గిన్నెలు కడిగే కుర్రాడు ఈల వేశాడు.

సగంకప్పు

సాయంత్రం లవంగం సీసా తీశాక వచ్చి చెప్పండి. నేను మేలుకునే ఉంటాను.